ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

సింక్‌లో స్టీలు గిన్నె మీద గరిటె పడితే మీకు అదొక చప్పుడు. నాకు మాత్రం కుడి చెవి లోపల, దవడ ఎముక మొదలయ్యే చోట, సూది దిగినట్టు ఉంటుంది. చప్పుడు ఆగిపోయినా ఆ పోటు పోదు. ఒక్కోసారి గంటసేపు ఉంటుంది, ఒక్కోసారి మర్నాటి దాకా లాగుతుంది. దీన్ని హైపరాక్యూసిస్ అంటారు. మూడేళ్లుగా నాతో ఉంది. ఈ మూడేళ్లలో చెవుల్లో పెట్టుకునేవీ చెవుల మీద పెట్టుకునేవీ చాలానే కొన్నాను. వాటిలో పద్నాలుగు నెలలుగా వాడుతున్న ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ గురించి, అంటే శబ్దాన్ని పూర్తిగా ఆపకుండా కొంత తగ్గించి లోపలికి పంపే చెవి ప్లగ్స్ గురించి, ఇప్పుడు రాస్తున్నాను.

కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇదే తరహావి చాలా కంపెనీలు చేస్తున్నాయి. నా మెప్పయినా ఫిర్యాదయినా ఈ తరహా వస్తువు మీదే. ముందే చెప్పేస్తాను, ఇవి కొన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ డబ్బా మీద రాసినట్టు రోజంతా వాడితే నాలాంటివాళ్లకి మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. ఈ రెండో మాట ఎవరూ చెప్పడం లేదు కాబట్టే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

మూడేళ్ల క్రితం తలుపులు మూసిన ఒక హాల్లో, స్పీకర్లకి బాగా దగ్గరగా, దాదాపు మూడు గంటలు కూర్చున్నాను. మధ్యలో లేచి వెళ్లిపోదామనిపించింది. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని లేవలేదు. ఇంటికొచ్చాక రెండు చెవుల్లోనూ కీచురాళ్ల మోత. రెండు రోజుల్లో అది తగ్గింది, హమ్మయ్య అనుకున్నాను. మూడో వారంలో ఒకరోజు పొద్దున మా ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్న ఆ చప్పుడు నా తల లోపలే పుట్టినట్టు అనిపించి చెవులు రెండూ మూసుకుని నిలబడిపోయాను. అక్కడి నుంచి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ప్లాస్టిక్ కవరు నలిపే చప్పుడు, తాళాల గుత్తి, కుక్క అరుపు, బస్సు బ్రేకు. అన్నిటి తర్వాత మా పాప నవ్వు. అప్పటికి దానికి నాలుగేళ్లు. నవ్వు మొదలవగానే నా ముఖం ఎలా మారిపోయేదో నాకు తెలియదు కానీ, దానికి తెలిసేది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది.

మొదట వెళ్లిన డాక్టర్ వినికిడి పరీక్ష చేయించి, కాగితం చేతికిచ్చి, "మీ చెవులు భేషుగ్గా ఉన్నాయండీ, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఆ కాగితంలో తప్పేమీ లేదు. మామూలు ఆడియోగ్రామ్ కొలిచేది మనం ఎంత చిన్న శబ్దాన్ని వినగలమో. ఎంత పెద్ద శబ్దాన్ని ఓర్చుకోగలమో అది చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉంది. శబ్దాన్ని బాగా తక్కువలో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతారు, ఇక చాలని మనం చెయ్యెత్తిన చోట ఆపేస్తారు. ఆ అంకెని లౌడ్‌నెస్ డిస్‌కంఫర్ట్ లెవెల్ అంటారు. మామూలు చెవికి అది 100 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఎనిమిది నెలల తర్వాత ఒక ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) నాకు ఆ పరీక్ష చేస్తే కుడి చెవికి 68, ఎడమ చెవికి 72 వచ్చింది. ఆ అంకెలు చూసి అక్కడే ఏడ్చాను. ఎనిమిది నెలలుగా ఎంతమందికి చెప్పినా చాదస్తం అన్నారు, నాజూకు అన్నారు, చివరికి నాకే అనుమానం వచ్చేసింది. ఒక యంత్రం వచ్చి నా మాట నిజమే అని చెప్పినట్టయింది.

మీకూ ఇలాంటి ఇబ్బంది ఉంటే, ఏ చెవి పరీక్షకి వెళ్లినా ముందే చెప్పండి. మధ్యచెవి కండరాల స్పందన చూసే పరీక్షలో బాగా పెద్ద టోన్లు వినిపిస్తారు. ఎమ్మారై యంత్రం మోత కూడా చాలా ఎక్కువ. ముందే తెలిస్తే వాళ్లు జాగ్రత్త పడతారు.

ఇక వస్తువుల సంగతి. అందరిలాగే మొదట దూది పెట్టుకున్నాను. దూది ఆపేది దాదాపు ఏమీ ఉండదు. తర్వాత నురుగు ఇయర్‌ప్లగ్స్, అంటే వేళ్ల మధ్య నలిపి చెవిలో దూరిస్తే ఉబ్బి బిగుసుకునే ఆ పసుపు రంగువి. పెట్టెల మీద 33 డెసిబెల్స్ దాకా తగ్గిస్తాయని ఉంటుంది. అది ప్రయోగశాలలో సరిగ్గా పెట్టి కొలిచిన లెక్క. మనం పైపైన పెట్టుకుంటే అందులో సగం కూడా రాదు. సన్నగా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. అలా పెట్టుకున్న మొదటి రోజు నిశ్శబ్దం ఎలా ఉంటుందో మళ్లీ తెలిసింది. ఆ సాయంత్రం ఎవరి మీదా విసుక్కోలేదు.

ఆ తర్వాత జరిగింది వివరంగా చెప్పాలి. హాయిగా ఉంది కదా అని పొద్దున లేచిన దగ్గర్నుంచి పెట్టుకోవడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి పడుకునేటప్పుడు కూడా. రెండో నెల చివరికి స్నానం చేసేటప్పుడు తీస్తే షవర్ నీళ్ల చప్పుడే గులకరాళ్లు పోసినట్టు తగిలేది. అంతకుముందు ఎప్పుడూ బాధపెట్టని లైటు స్విచ్ చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డాను. రోగం ముదురుతోందనుకుని ఇంకా గట్టిగా బిగించుకున్నాను.

దీనికి కారణం ఆడియాలజిస్ట్ చెప్పేదాకా నాకు తెలియదు. చెవికి చేరే శబ్దం తగ్గిపోతే మెదడు ఊరుకోదు. తక్కువ వస్తోంది కదా అని లోపల వాల్యూమ్ పెంచుకుంటుంది. 2003లో అమెరికాలో క్రెయిగ్ ఫార్మ్‌బీ బృందం మామూలు చెవులున్నవాళ్ల మీదే ఇది పరీక్షించి చూసింది. రెండు వారాల పాటు రోజంతా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నవాళ్లకి మామూలు శబ్దాలు ముందుకన్నా పెద్దగా వినిపించడం మొదలైంది. చెవి దగ్గర సన్నటి హోరు వినిపించే పరికరం పెట్టుకున్నవాళ్లకి మాత్రం శబ్దాన్ని ఓర్చుకునే శక్తి పెరిగింది. ఏ ఇబ్బందీ లేనివాళ్లకే రెండు వారాల్లో తేడా వస్తే, నేను రెండు నెలలు నా చెవులకి ఏం చేసుకున్నానో తెలిసి గుండె జారిపోయింది.

నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్స్ కూడా కొన్నాను. బయటి శబ్దాన్ని మైకుతో విని, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని లోపల పుట్టించి కొట్టేసే పద్ధతి ఇది. ఏసీ, ఫ్యాను, బస్సు ఇంజను, విమానం లాంటి ఆగకుండా వచ్చే బొంగురు మోతలకి అద్భుతంగా పనిచేస్తాయి. గరిటె పడినప్పుడు మాత్రం ఏమీ చేయలేవు. ఠంగుమని హఠాత్తుగా వచ్చే సన్నటి చప్పుడుని ఆ పద్ధతి పట్టుకోలేదు. ప్రయాణాలకి ఇప్పటికీ వాడుతున్నాను, అంతకుమించి లేదు.

ఫిల్టర్ ప్లగ్స్ పేరు మొదట విన్నది ఆ ఆడియాలజిస్ట్ దగ్గరే. ఇవి సంగీతకారుల కోసం పుట్టినవట. వేదిక మీద రోజూ గంటల తరబడి వాయించేవాళ్లకి చెవులు కాపాడుకోవాలి, స్వరం మాత్రం మారకూడదు. 1988లో ఎటిమోటిక్ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ ఈఆర్-15 అనే ప్లగ్ తెచ్చింది. బొంగురు శబ్దాల నుంచి కీచు శబ్దాల దాకా అన్నిటినీ దాదాపు సమానంగా 15 డెసిబెల్స్ తగ్గించడం దాని ప్రత్యేకత. మామూలు ప్లగ్ పెట్టుకుంటే మాటలు ముద్దముద్దగా ఎందుకు వినిపిస్తాయో అప్పుడే నాకు అర్థమైంది. తెరిచి ఉన్న చెవి గొట్టం దానంతట అదే 2,700 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని పెంచుతుంది, మాటలో స్పష్టతనిచ్చే హల్లులు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. చెవిని మూసేస్తే ఆ పెంపు పోతుంది. పైగా నురుగు ప్లగ్ సన్నటి శబ్దాలని ఇంకాస్త ఎక్కువగా ఆపుతుంది. అందుకే 'పద' అన్నారో 'కద' అన్నారో తేలదు. ఫిల్టర్ ప్లగ్‌లో ఆ పోయిన పెంపుని తిరిగి ఇచ్చేలా చిన్న పొర, గాలి గది ఉంటాయి.

నా దగ్గరున్నవి చిటికెన వేలి గోరంత. మెత్తటి సిలికాన్, ఒకదాని మీద ఒకటి మూడు గొడుగుల్లా మడతలు, మధ్యలో చిన్న గొట్టం, దాని మొదట్లో ఫిల్టర్. డబ్బాలో మూడు సైజుల గొడుగులు ఇచ్చారు. నా రెండు చెవులకీ ఒకే సైజు సరిపోలేదు. కుడివైపు చిన్నది, ఎడమవైపు మధ్య సైజు. ఇది తేలడానికి వారం పట్టింది, ఆ వారంలో ఇవి పనికిరావని తిరిగి పంపేద్దామనుకున్నాను. మీరు కొంటే దయచేసి రెండు చెవులకీ వేరువేరుగా చూసుకోండి. సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడం సులువే. పెట్టుకున్నాక అరచేతులతో రెండు చెవులూ గట్టిగా మూసి, తీసి చూడండి. చేతులు తీసినప్పుడు చప్పుడు పెద్ద తేడాతో పెరిగితే ప్లగ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. సిలికాన్‌ని కొంచెం తడి చేసుకుంటే నొప్పి లేకుండా దూరుతుంది. తీసేటప్పుడు ఒక్క గుంజు గుంజకూడదు. లోపల గాలి బిగుసుకుని ఉంటుంది, కర్ణభేరి మీద లాగుతుంది. కొంచెం తిప్పుతూ నిదానంగా తీయాలి.

శబ్దం 10 డెసిబెల్స్ తగ్గితే మనిషికి దాదాపు సగమైనట్టు వినిపిస్తుంది. 15 తగ్గితే మూడో వంతు మిగిలినట్టు. కాగితం మీద చూస్తే ఇది నురుగు ప్లగ్ కన్నా చాలా తక్కువ. నాకూ సరిపోదేమో అని భయపడ్డాను. మొదటిసారి పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. మా ఆయన పళ్లేలు సర్దుతున్నారు. పళ్లెం మీద పళ్లెం పడిన చప్పుడు వచ్చింది, వచ్చి వెళ్లిపోయింది. పోటు రాలేదు. "సైజు సరిపోయిందా?" అని ఆయన మామూలు గొంతుతోనే అడిగితే ప్రతి అక్షరం వినిపించింది. నురుగు ప్లగ్స్ రోజుల్లో నేను ప్రతిదానికీ "ఏంటీ?" అనేదాన్ని, ఆయన గొంతు పెంచేవారు, ఆ గొంతుకి నాకు నొప్పి వచ్చేది. ఆ గోల ఆ రోజుతో ఆగిపోయింది.

ఆ సాయంత్రం పాప గదిలో ఏదో ఆడుకుంటూ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న నవ్వే. నేను వెళ్లి పక్కన కూర్చుని, దాని చెయ్యి తీసి, నవ్వమన్నాను. నమ్మలేదు. నా చెవి దగ్గరికి వచ్చి ప్లగ్ చివర వేలితో తడిమి చూసింది. తర్వాత చిన్నగా 'హ' అని, నా ముఖం చూసి, ఇంకొంచెం పెద్దగా 'హ' అంది. అలా నాలుగైదు సార్లు, ప్రతిసారీ ఆగి నా కనుబొమలు చూస్తూ. ఆఖరికి నిజంగానే నవ్వొచ్చి పకపకా నవ్వేసింది. రెండేళ్ల తర్వాత ఆ నవ్వు మొత్తం విన్నాను. ఈ వస్తువుకి ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలో నాకు తెలియదు కానీ, ఆ పది నిమిషాలు ఇచ్చింది ఇదే.

లోపాలు ఉన్నాయి. పెద్దది మన గొంతు. ప్లగ్ పెట్టుకుని మాట్లాడితే నా గొంతు నాకే బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఎముకల ద్వారా చెవి గొట్టానికి చేరే అదురు, చెవి తెరిచి ఉంటే బయటికి పోతుంది. మూసి ఉంటే లోపలే చిక్కుకుని మోగుతుంది. ఫిల్టర్ ఉన్నా ఇది పోదు. లోతుగా కూర్చుంటే తగ్గుతుంది, పైపైన పెట్టుకుంటే పెరుగుతుంది. పాపకి రాత్రిళ్లు కథ చదివి వినిపించడం నాకు అలవాటు. మొదటి వారం రెండు పేజీలకే అలసిపోయేదాన్ని. నడుస్తుంటే నా అడుగులు నాకే ధనధనమని వినిపిస్తాయి, నమిలేటప్పుడు కూడా అంతే. కొన్నాళ్లకి కొంత అలవాటయింది, పూర్తిగా అవలేదు.

ఆరో నెలలో ఎడమ చెవి మందంగా వినిపించడం మొదలైంది. చెవికే ఏదో అయిందని హడలిపోయాను. చూస్తే గులిమి వెళ్లి ఫిల్టర్ రంధ్రం మూసుకుపోయింది. ఫిల్టర్ ఊడదీసి సిలికాన్ భాగాన్ని సబ్బునీళ్లతో కడగాలని, ఫిల్టర్‌కి నీళ్లు తగలకూడదని కాగితంలో మూలన చిన్న అక్షరాల్లో ఉంది. నేను అన్నాళ్లూ మొత్తంగా కడిగేస్తున్నాను. విడి ఫిల్టర్లు అమ్మే కంపెనీవే కొనండి. అలాగే గొట్టం చివర కొంచెం బయటికి ఉంటుంది కాబట్టి పక్కకి తిరిగి పడుకుంటే దిండుకి నొక్కుకుంటుంది. పడుకునేటప్పుడు ఇవి అసలు వద్దు.

ఇక నా అసలు ఫిర్యాదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 'రోజంతా హాయిగా ధరించండి' అని ఉంది. లోపలి కాగితంలో శబ్దాలు పడనివాళ్లకి ప్రత్యేకంగా పనికొస్తాయని ఒక వాక్యం కూడా ఉంది. ఈ రెండూ పక్కపక్కన ఉండకూడదు. నేను రెండు నెలల్లో దిగిన గోతిలోకి ఇంకొకరు వారంలో దిగుతారు. ఫిల్టర్ ప్లగ్ తగ్గించేది తక్కువ కాబట్టి ప్రమాదం కూడా కొంత తక్కువేమో, అయినా పొద్దుట పెట్టుకుని రాత్రి తీస్తే చెవికి నేర్పేది అదే పాఠం. ఆడియాలజిస్ట్ నాకు చెప్పిన పద్ధతి వేరు. నిజంగా పెద్ద శబ్దం ఉండే చోట, ఉండబోతోందని తెలిసిన చోట పెట్టుకోవాలి. అక్కడి నుంచి బయటపడగానే తీసేయాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పడుకునేటప్పుడు ప్లగ్స్ ఉండకూడదు, గది పూర్తి నిశ్శబ్దంగా కూడా ఉండకూడదు. వాన పడుతున్నట్టు, నీళ్లు పారుతున్నట్టు సన్నటి హోరు ఒకటి ఫోన్లో పెట్టుకోవాలి, వినీ వినపడనట్టు. అది రోజూ గంటల కొద్దీ. ఫోన్ బదులు చెవిలో పెట్టుకునే చిన్న సౌండ్ జనరేటర్లు కూడా ఉంటాయి, నాకు వాటి అవసరం రాలేదు.

మొదటి నెల ఆ హోరే భరించలేకపోయాను. బాగా తగ్గించి, గదికి అవతల మూలన పెట్టి, వారానికి కాస్త చొప్పున దగ్గరికి తెచ్చుకున్నాను. ఒకసారి తొందరపడి వాల్యూమ్ పెంచి మూడు రోజులు నొప్పితో పడుకున్నాను. అందుకే చెబుతున్నాను, అలవాటు కావాలని పెద్ద శబ్దాల్లోకి వెళ్లి నిలబడకండి, ఎవరైనా అలా నిలబెడితే ఒప్పుకోకండి. ముఖ్యంగా నొప్పి ఉన్నవాళ్లు ఇది తెలిసిన ఆడియాలజిస్ట్ చేతిలోనే చేయాలి. పోయిన నెల మళ్లీ కొలిస్తే కుడి చెవి 81, ఎడమ 84. మామూలుకి ఇంకా దూరమే. ప్లగ్స్ నన్ను ఇంట్లోవాళ్ల మధ్య కూర్చోబెట్టాయి, అంకెలు పెంచింది మాత్రం ఆ హోరు.

మా తమ్ముడి సంగతి కూడా రాయాలి, ఎందుకంటే చాలామంది నా ఇబ్బందీ వాడి ఇబ్బందీ ఒకటే అనుకుని ఇవే ప్లగ్స్ కొంటారు. వాడిది మిసోఫోనియా. నాకు శబ్దం ఎంత పెద్దది అన్నది సమస్య. వాడికి ఏ శబ్దం అన్నదే సమస్య. పక్కగదిలో గోడగడియారం టిక్కుటిక్కు, ఎవరైనా చప్పరిస్తూ నమలడం, బాల్‌పెన్ నొక్కుతూ ఉండటం, ముక్కు ఎగబీల్చడం. ఎంత చిన్నగా వచ్చినా సరే, వాడికి ఒళ్లంతా బిగుసుకుపోతుంది, కోపం తన్నుకొస్తుంది. ఆ కోపానికి తర్వాత వాడే సిగ్గుపడి కుంగిపోతాడు. చిన్నప్పుడు అన్నాల దగ్గర లేచి వెళ్లిపోతే పొగరు అని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాటకి వాడికి క్షమాపణ చెప్పుకున్నది పోయిన ఏడాదే.

ఈ ఇబ్బందికి పేరు పెట్టిందే 2001లో, మార్గరెట్, పావెల్ జాస్త్రెబాఫ్ అనే పరిశోధకులు. గ్రీకులో మిసోస్ అంటే ద్వేషం, ఫోనె అంటే స్వరం. 2017లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో సుఖ్‌బిందర్ కుమార్ బృందం మెదడు స్కాన్లు తీసి, ఈ శబ్దాలు విన్నప్పుడు వీళ్ల మెదడులో ఇన్సులా అనే భాగం ముందువైపు మామూలు కన్నా చాలా ఎక్కువగా స్పందిస్తోందని చూపించింది. గుండె వేగం కూడా దాంతో పాటే పెరిగింది. నిపుణులు అందరూ కూర్చుని దీనికి ఒక ఉమ్మడి నిర్వచనం ఇచ్చుకున్నది 2022లో. అంటే మా తమ్ముడు చిన్నప్పుడు తిట్లు తిన్న రోజుల్లో ఏ డాక్టర్ని అడిగినా చెప్పడానికి పేరే లేదు.

వాడికి నా పాత జత ఇచ్చాను, కడిగి, కొత్త ఫిల్టర్లు వేసి. మూడు వారాలు వాడి, "అక్కా, శబ్దం చిన్నదైంది గానీ పోలేదు, దాని కోసం ఇంకా చెవులు రిక్కించి కూర్చుంటున్నా" అన్నాడు. 15 డెసిబెల్స్ తగ్గిస్తే వాడి చిక్కు తీరదు. ఒక్క తినేటప్పుడు మాత్రం పనికొచ్చాయట, తను నమిలే చప్పుడే లోపల పెద్దగా మోగి పక్కవాళ్లది వినిపించకుండా చేస్తోందని. నేను లోపమన్నదే వాడికి గుణమైంది. వాడికి ఎక్కువ సాయం చేస్తున్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనీ స్పందించే తీరునీ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స. ఆమ్‌స్టర్‌డామ్‌లో 54 మందితో చేసిన ఒక పరీక్షలో ఈ థెరపీ తీసుకున్నవాళ్లలో 37 శాతం మందికి బాగా నయమనిపించింది, తమ వంతు కోసం ఆగి ఉన్నవాళ్లలో ఎవరికీ అలా కాలేదు. అందరికీ పనిచేసే మందు కాదు, అయినా ఏమీ లేదనుకున్న చోట అది చాలా పెద్ద అంకె. మిసోఫోనియా ఉన్నవాళ్లు ప్లగ్స్ కొనే ముందు ఆ దారి చూడమని నా సలహా.

వస్తువు చేయలేని పని ఇంకొకటుంది. చెవిలో ప్లగ్ చూసినవాళ్లు నాకు వినపడదనుకుంటారు. దగ్గరికి వచ్చి, వంగి, గట్టిగా అరిచి మాట్లాడతారు. పాపం, మంచి మనసుతోనే. పనిచేసే చోట ఒకాయన నా వెనకాల నిలబడి హఠాత్తుగా చప్పట్లు కొట్టాడు, నిజంగా నొప్పి వస్తుందో లేదో చూద్దామని. ఆ రోజు ప్లగ్స్ సంచిలో ఉన్నాయి. నేను కుర్చీలోంచి కింద కూర్చుండిపోయాను, ఎడమ చెవిలో మోత రెండు వారాలు ఉంది. అతను దుర్మార్గుడు కాదు. మర్నాడు వచ్చి ఏడ్చినంత పని చేశాడు. ఇలాంటిది ఒకటి ఉంటుందని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. దాచుకుంటూ వచ్చాను.

ఆ తర్వాత ఒక చిన్న కార్డు రాసి, నకళ్లు తీసి, ప్లగ్స్ డబ్బాలో మడిచి పెట్టుకున్నాను. "నాకు వినపడక కాదు, మామూలు చప్పుళ్లు కూడా నొప్పిగా తగులుతాయి. దయచేసి చిన్న గొంతుతో మాట్లాడండి. ఏదైనా పెద్ద చప్పుడు చేయబోతుంటే ఒక్క మాట ముందు చెప్పండి." అంతే. ఇప్పటికి ఇరవై దాకా ఇచ్చి ఉంటాను. తీసుకున్న వాళ్లలో ఒక్కరు కూడా నవ్వలేదు. నలుగురు మాత్రం వాళ్లింట్లో కూడా ఇలాంటివాళ్లు ఉన్నారని చెప్పారు, ఇద్దరైతే తమకే ఉందన్నారు. చప్పట్లు కొట్టినాయన మా గదిలో కుర్చీల కాళ్లన్నిటికీ మందపాటి గుడ్డ అతికించాడు. లండన్ దగ్గర గాట్విక్ విమానాశ్రయంలో 2016లో పొద్దుతిరుగుడు పువ్వుల పట్టీ ఒకటి మొదలుపెట్టారు. పైకి కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్లు మెడలో వేసుకుంటే అక్కడి సిబ్బంది గమనించి సాయం చేస్తారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. చెవి ప్లగ్స్ అమ్మే కంపెనీలు ఆ డబ్బాలో అలంకారంగా ఇచ్చే స్టిక్కర్ బదులు ఇలాంటి కార్డు రెండు పెడితే వాళ్లకి అయ్యే ఖర్చేమీ ఉండదు. నేను వాళ్లకి ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు, మళ్లీ రాస్తాను.

ఎవరు కొనాలంటే, పెద్ద చప్పుళ్లకి నొప్పో దడో వచ్చి జనంలోకి వెళ్లడం మానేసినవాళ్లు, మాటలు వినపడాల్సిన పనులు చేసేవాళ్లు. నురుగు ప్లగ్స్ కన్నా నూరు రెట్లు నయం. చిన్న పిల్లలకి మాత్రం చెవి మీద పెట్టే కప్పులే మంచిది, ప్లగ్స్ వద్దు, ఊడి నోట్లోకి పోతాయి. చెవిలో చీము, కారడం లాంటివి ఉంటే అవి తగ్గేదాకా ఏదీ పెట్టకండి.

మా పాపకి ఇప్పుడు ఏడేళ్లు. డ్రాయరు మూసే ముందు "అమ్మా, మూస్తున్నా" అంటుంది. చప్పుడు అంతే ఉన్నా, వస్తోందని తెలిస్తే సగం బాధ ఉండదు. నిన్న రాత్రి కథ చదువుతున్నప్పుడు ప్లగ్స్ రెండూ డబ్బాలోనే ఉన్నాయి. పులి వచ్చే పేజీ దగ్గర నన్ను ఆపి, డబ్బా తెచ్చి చేతిలో పెట్టి, "ఇది నేను చదువుతా, గట్టిగా గాండ్రించాలి" అంది. కుడివైపుది ఒక్కటే పెట్టుకుని, కానివ్వమన్నాను.